సాహిత్య అభిమాన సంఘాలు: పుస్తకం చుట్టూ కూడే సభలు

ఏటా జనవరిలో న్యూయార్క్‌లో ఒక పుట్టినరోజు విందు జరుగుతుంది. ఆ పుట్టినరోజు ఎవరిదో ఆయన ఎన్నడూ పుట్టలేదు. ఆయన పేరు షెర్లాక్ హోమ్స్. విందు చేసే సంఘం పేరు బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్. ఆ సంఘం 1934లో రాసుకున్న నియమాల్లో ఒకటి వినదగ్గది. హోమ్స్ కథల్లోంచి ఒకరు ఒక మాట చెబితే అది ఏ కథలోదో, ఏ సందర్భంలోదో ఎదుటి సభ్యుడు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ విడత అందరి గ్లాసులూ అతని ఖర్చుతోనే నిండాలి. సంఘాల నియమాలను ఇంగ్లీషులో బై-లాస్ అంటారు. వీళ్ళు అందులో ఒక్క అక్షరం చేర్చి, అదే పలుకుబడితో ‘కొనుగోలు నియమాలు’ అనే అర్థం వచ్చేలా మార్చుకున్నారు.

ఒక రచయితనో, ఒక పుస్తకాన్నో, ఒక పాత్రనో ఇష్టపడేవాళ్ళు కూడి, ఏటికి ఒకటి రెండుసార్లయినా కలుసుకుంటూ నడుపుకొనేవి సాహిత్య అభిమాన సంఘాలు. ఇవి రచయితల సంఘాలు కావు, విశ్వవిద్యాలయ పరిశోధక బృందాలూ కావు. వకీళ్ళు, డాక్టర్లు, బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు వీటికి ఆయువుపట్టు. వాళ్ళ మధ్య ఆచార్యులు కూర్చున్నా సాటి పాఠకులుగానే కూర్చుంటారు. ఈ సభల్లో తింటారు, తాగుతారు, వేషాలు కడతారు, నాట్యం చేస్తారు, సమాధుల దగ్గర పూలు పెడతారు, పిడివాదాలు చేస్తారు. బయటినుంచి చూసేవారికి ఇది కాలక్షేపంలా కనిపించవచ్చు. కాస్త దగ్గరికి వెళితే, ప్రతి ముద్ద వెనుకా ప్రతి వేషం వెనుకా పుస్తకంలోని ఒక పుట ఉంటుంది. ఆ పుట గుర్తున్నవాడికే ఆ రుచి తెలుస్తుంది.

ఈ సంప్రదాయానికి పాత ఊట స్కాట్లాండ్‌లో ఉంది. కవి రాబర్ట్ బర్న్స్ 1796 జూలై 21న చనిపోయాడు. సరిగ్గా అయిదేళ్ళకు, 1801లో అదే తేదీన, అల్లోవే అనే ఊళ్ళో ఆయన పుట్టిన ఇంట్లో తొమ్మిదిమంది కలిసి భోజనం చేశారు. హగిస్, గొర్రె తలకాయ వడ్డించారు. హగిస్ మీద ఆయన రాసిన పద్యం చదివి, ఆయన పేరు తలచుకొని గ్లాసులెత్తారు. తర్వాతి కాలంలో ఈ విందు వర్ధంతి నుంచి జయంతికి, అంటే జనవరి 25కు మారింది. స్కాట్లాండ్ వాళ్ళు వలసవెళ్ళిన చోటికల్లా వాళ్ళ వెంటే వెళ్ళింది.

బర్న్స్ విందు క్రమం ఇప్పటికీ పెద్దగా మారలేదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, మసాలా కలిపి, గొర్రె పొట్టలో కూరి ఉడికించేది హగిస్. దాన్ని పళ్ళెంలో పెట్టి, బాగ్‌పైపు మోగుతుండగా ఊరేగింపుగా తెస్తారు. జనం లేచి నిలబడతారు. ఒకరు బర్న్స్ పద్యాన్ని స్కాట్స్ భాషలో, కంఠతా, అభినయంతో చదువుతారు. పద్యంలో కత్తి ప్రస్తావన రాగానే చేతిలోని కత్తిని హగిస్‌లో దించుతారు. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి గట్టిమేళం మోగే క్షణం ఎలాంటిదో, ఆ సభకు అది అలాంటి క్షణం. భోజనం తర్వాత ‘అమర స్మృతి’ అనే ప్రసంగం ఉంటుంది. సాయంకాలానికి ఆయువు అదే. బర్న్స్ బతుకునూ కవిత్వాన్నీ మాట్లాడేవాడు తన కాలానికి ముడిపెట్టి చెప్పాలి. ఆపైన స్త్రీలను ఉద్దేశించి ఒక పురుషుడు సరదా ప్రసంగం చేస్తాడు, ఒక స్త్రీ దానికి దీటుగా జవాబిస్తుంది. చివర అందరూ చేతులు కలుపుకొని ఆయన పేరుతో లోకమంతా తిరిగిన వీడ్కోలు పాట పాడతారు. స్కాట్స్ భాష ఇంట్లో మాట్లాడనివాళ్ళు కూడా ఏటా ఒక్కరాత్రి ఆ భాషను నోరారా పలికేది ఈ విందులోనే. ఒక కవికి అభిమానులు ఇంతకన్నా చేయగల సేవ ఉండదు.

వాదన రుచి మరిగిన సంఘం డికెన్స్ ఫెలోషిప్. ఇది 1902లో లండన్‌లో మొదలైంది. చార్లెస్ డికెన్స్ 1870లో చనిపోయేనాటికి ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ నవల సగంలో ఆగిపోయింది. యువకుడు డ్రూడ్ మాయమయ్యాడు. అతన్ని చంపారా, చంపితే ఎవరు? అనుమానమంతా నల్లమందుకు అలవాటుపడ్డ మేనమామ జాన్ జాస్పర్ మీద. ఈ ప్రశ్న తేల్చడానికి 1914 జనవరి 7న లండన్‌లోని కింగ్స్ హాల్‌లో జాస్పర్ మీద ఏకంగా కోర్టు విచారణ నడిపారు. న్యాయమూర్తి స్థానంలో జి. కె. చెస్టర్టన్. జ్యూరీ పెద్దగా జార్జ్ బెర్నార్డ్ షా. జ్యూరీలో రచయితలు. సాక్షుల బోనులోకి నవలలోని పాత్రలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ప్రశ్నలకు జవాబులిచ్చాయి. చివర షా లేచి, భోజన విరామంలోనే తీర్పు ఖాయం చేసుకున్నామంటూ, హత్య కాదు, ఉద్దేశం లేని ప్రాణహాని అని ప్రకటించాడు. చెస్టర్టన్ తాను తప్ప కోర్టులో ఉన్న అందరూ కోర్టు ధిక్కారం చేశారని తేల్చాడు. ఏళ్ళతరబడి ఆధారాలు పోగేసుకున్న గట్టి డికెన్స్ పాఠకులకు ఈ ముగింపు రుచించలేదు. వాళ్ళ బాధలో న్యాయముంది. వాళ్ళకు అది నిజంగా తేలాల్సిన కేసు.

ఆ సంఘం వాదనలతోనే ఆగిపోలేదు. డికెన్స్ కాపురమున్న లండన్ డౌటీ స్ట్రీట్‌లోని 48వ నంబరు ఇంటిని 1923లో కొని, 1925లో మ్యూజియంగా తెరిచింది. ‘ది డికెన్సియన్’ పత్రికను 1905 నుంచి నడుపుతోంది.

అభిమాన సంఘాలన్నిటిలో పద్ధతిని ఒక కళగా మార్చినవాళ్ళు హోమ్స్ పాఠకులు. దీనికి బీజం పడింది ఆక్స్‌ఫర్డ్‌లో. రోనాల్డ్ నాక్స్ అనే యువ పండితుడు 1911లో అక్కడ హోమ్స్ కథల మీద ఒక వ్యాసం చదివాడు. బైబిలును పరిశోధించే పండితుల పద్ధతిని, పరిభాషను ఏ మాత్రం తగ్గకుండా డిటెక్టివ్ కథలకు పట్టించాడు. అక్కడినుంచి ఒక ఆట పుట్టింది. దాన్ని వాళ్ళు ‘ది గేమ్’ అనే పిలుస్తారు. ఆటకు మూలసూత్రం ఒకటే. హోమ్స్ నిజంగా జీవించాడు, డాక్టర్ వాట్సన్ నిజంగా ఆ కథలు రాశాడు, ఆర్థర్ కానన్ డాయిల్ వాట్సన్ తరఫున ప్రచురణ వ్యవహారాలు చూసిన ఏజెంటు మాత్రమే. మొత్తం 4 నవలలు, 56 కథలు. ఈ 60 రచనలే వాళ్ళ ‘పవిత్ర గ్రంథాలు’.

డాయిల్ చకచకా రాసేవాడు, వెనక్కి తిరిగి సరిచూసుకునేవాడు కాదు. అందుకే కథల్లో పొంతనలేని సంగతులు బోలెడు. అవే ఈ సభలకు మేత. అఫ్గానిస్తాన్ యుద్ధంలో వాట్సన్‌కు తూటా తగిలింది ఒక నవలలో భుజానికి, మరో నవలలో కాలికి. అతని పేరు జాన్ హెచ్. వాట్సన్, కానీ ఒక కథలో భార్య అతన్ని జేమ్స్ అని పిలుస్తుంది. మామూలు పాఠకుడు దీన్ని రచయిత పొరపాటని వదిలేస్తాడు. ఆట ఆడేవాళ్ళకు ఆ మాట నిషిద్ధం. డిటెక్టివ్ నవలా రచయిత్రి డొరొతీ సేయర్స్ దీనికి జవాబు వెతికింది. మధ్యలోని హెచ్ అనే అక్షరం హామిష్ అన్న పేరుకు గుర్తు, హామిష్ అనేది జేమ్స్‌కు స్కాట్లాండ్ రూపం, భార్య ముద్దుగా ఆ పేరే పిలిచింది అని తేల్చింది. వ్యాకరణ సూత్రానికి అడ్డుతగిలే ప్రయోగాన్ని వ్యాఖ్యాత సమర్థించే తీరు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇందులోని ఆనందం వెంటనే అందుతుంది. మల్లినాథుడు కావ్యంలోని చిక్కుముడిని కవి తప్పుగా చూడడు కదా.

డాయిల్ 1930లో కన్నుమూశాడు. నాలుగేళ్ళకు పత్రికా రచయిత క్రిస్టఫర్ మోర్లీ న్యూయార్క్‌లో బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్‌ను మొదలుపెట్టాడు. హోమ్స్‌కు కబుర్లు మోసుకొచ్చే వీధి పిల్లల గుంపు పేరే సంఘానికీ పెట్టాడు. జనవరి 6 హోమ్స్ పుట్టినరోజన్నది కూడా మోర్లీ వేసిన లెక్కే. కథల్లో ఎక్కడా ఆ తేదీ లేదు. సభ్యత్వానికి పరీక్షగా 1934 మే నెలలో ఒక పత్రికలో హోమ్స్ కథల మీద గళ్ళ నుడికట్టు అచ్చువేశారు. తప్పుల్లేకుండా పూరించినవాళ్ళకు ప్రవేశం.

విందులో జరిగేదంతా ఒక క్రమంలో జరుగుతుంది. ముందుగా కథల్లోని వ్యక్తుల పేర గ్లాసులెత్తుతారు. హోమ్స్‌నే ఓడించిన ఐరీన్ ఆడ్లర్‌ది మొదటి పేరు. హోమ్స్ ఇంటి యజమానురాలు హడ్సన్ గారు, అన్న మైక్రాఫ్ట్, వాట్సన్ రెండో భార్య ఆ తర్వాత. పిమ్మట పత్రాలు చదువుతారు. కొత్త సభ్యులకు కథల్లోంచి తీసిన ఒక పేరు, ఒక షిల్లింగు ప్రదానం చేస్తారు. ఆ పేరుతోనే సంఘంలో వాళ్ళు చలామణీ అవుతారు. రచయిత ఐజాక్ అసిమోవ్‌కు దక్కిన బిరుదు, ఒక కథలో అగ్గిపెట్టెలో కనిపించే, శాస్త్రానికి అంతుబట్టని పురుగు పేరు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1942లో గౌరవ సభ్యుడయ్యాడు.

పత్రాల్లో చరిత్రకెక్కింది 1941 నాటిది. నీరో వుల్ఫ్ నవలల రచయిత రెక్స్ స్టౌట్ లేచి, వాట్సన్ ఆడమనిషి అని ప్రకటించాడు. కథల్లోంచి ఆధారాల మీద ఆధారాలు చూపించాడు. ఎంచుకున్న కథల శీర్షికల మొదటి అక్షరాలను వరుసగా కూర్చి ‘ఐరీన్ వాట్సన్’ అన్న పేరు తేల్చాడు. సభ భగ్గుమంది. జూలియన్ వుల్ఫ్ అనే సభ్యుడు అదే అక్షరాల పద్ధతితో ఖండన రాశాడు. ఇలాంటి పత్రాలకు నిలకడైన చోటుగా 1946లో ‘బేకర్ స్ట్రీట్ జర్నల్’ మొదలైంది.

ఈ సంఘం చరిత్రలో మరకా ఉంది. స్త్రీలకు దశాబ్దాలపాటు ఆ విందులో చోటు లేదు. గ్లాసులెత్తేది స్త్రీ పేరున, కూర్చునేది మాత్రం పురుషులే. 1968 జనవరిలో కాలేజీ విద్యార్థినులు కొందరు ఆ చలిలో విందు జరిగే రెస్టారెంటు బయట అట్టలు పట్టుకొని నిలబడ్డారు. ‘అడ్వెంచరెసెస్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ అనే సొంత సంఘం వాళ్ళదే. తలుపు తెరుచుకునేసరికి 1991 వచ్చింది. ఆ ఏడు షిల్లింగు అందుకున్న స్త్రీలలో డాయిల్ కూతురు జీన్ ఒకరు. కథలను తమకన్నా తక్కువ చదివినవాళ్ళు లోపల కూర్చుంటే, ఎక్కువ చదివినవాళ్ళు ఇరవై మూడేళ్ళు బయట నిలబడడం ఆ సంఘం తనకు తాను చేసుకున్న నష్టం.

లండన్‌లోని హోమ్స్ సంఘానికి యాత్రలంటే మక్కువ. 1951లో కొత్త ఊపిరి పోసుకున్న ఈ సంఘం 1968లో స్విట్జర్లాండ్‌లోని రైఖెన్‌బాఖ్ జలపాతానికి వెళ్ళింది. హోమ్స్, అతని శత్రువు మోరియార్టీ కలబడి లోయలో పడిపోయారని డాయిల్ రాసిన చోటు అది. సభ్యులు విక్టోరియా కాలపు దుస్తుల్లో ఊళ్ళు తిరిగి, జలపాతం అంచున ఆ ద్వంద్వ యుద్ధాన్ని మళ్ళీ ఆడారు. హోమ్స్ వేషం కట్టింది సర్ పాల్ గోర్-బూత్. అప్పటికి ఆయన బ్రిటన్ విదేశాంగ శాఖలో అత్యున్నత అధికారి. అంతకుముందు 1960 నుంచి 1965 దాకా ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనర్‌గా ఉన్న మనిషి.

డబ్లిన్ పండుగది వేరే తీరు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ మొత్తం 1904 జూన్ 16 అనే ఒక్క రోజులో, ఒక్క ఊళ్ళో జరుగుతుంది. ఆ రోజుకు యాభై ఏళ్ళు నిండినప్పుడు, 1954లో, కవి పాట్రిక్ కవనా, నవలాకారుడు ఫ్లాన్ ఓబ్రయెన్, జాన్ రయన్, ఆంథొనీ క్రోనిన్, జాయిస్ బంధువొకాయన, మరికొందరు రెండు గుర్రబ్బళ్ళు మాట్లాడుకున్నారు. నవలలోని పాత్రలను పంచుకొని, అందులోని చోట్లన్నీ వరసగా చుట్టిరావాలని బయల్దేరారు. దారిలో మధుశాలలు అడ్డొచ్చాయి. సగం ఊరు చూడకుండానే బెయిలీ బార్‌లో యాత్ర ముగిసింది. నవల నాయకుడు బ్లూమ్ ఇల్లుగా జాయిస్ రాసిన ఎక్లెస్ స్ట్రీట్ 7వ నంబరు ఇంటిని కూల్చినప్పుడు దాని వీధి తలుపును కాపాడింది ఈ యాత్రకు వెళ్ళిన జాన్ రయనే.

ఆ అసంపూర్ణ యాత్రే నేడు బ్లూమ్స్‌డే. జూన్ 16న జనం గడ్డి టోపీలు పెట్టుకొని, బ్లూమ్ తిన్నట్టే పొద్దున్నే వేయించిన మూత్రపిండాలు తింటారు. అతను ఆగిన స్వెనీ మందుల దుకాణంలో నిమ్మవాసన సబ్బు కొంటారు. మధ్యాహ్నం డేవీ బర్న్ బార్‌లో గార్గొంజోలా చీజ్ శాండ్‌విచ్ అడుగుతారు. శతాబ్ది ఏడు 2004లో ఓకానెల్ వీధిలో పదివేలమందికి ఉదయపు ఫలహారం పెట్టారు. చదవడానికి కష్టమని పేరుపడ్డ నవల ఇలా ఊరందరి నోటికీ వచ్చింది. వీధి మూలల్లో నిలబడి పుటలు గట్టిగా చదివేవాళ్ళ చుట్టూ గుంపు చేరుతుంది. కళ్ళతో చదివితే కొరుకుడుపడని వాక్యం చెవికి ఇట్టే అందుతుందని ఆ రోజు చాలామందికి తెలిసివస్తుంది. ఐర్లాండ్ రేడియో 1982లో నవల మొత్తాన్ని సుమారు ముప్పై గంటలపాటు ఆపకుండా వినిపించింది.

జేన్ ఆస్టిన్ పాఠకులు తమను జేనైట్లని చెప్పుకుంటారు. ఇంగ్లండులో వాళ్ళ సంఘం 1940లో పుట్టింది. చాటన్ గ్రామంలో ఆమె తన నవలలకు తుదిరూపం ఇచ్చిన ఇంటిని కాపాడడమే దాని మొదటి సంకల్పం. ఆ ఇల్లు 1949లో మ్యూజియంగా తెరుచుకుంది. ఉత్తర అమెరికా సంఘం 1979లో మొదలైంది. దాని వార్షిక సభ ఒక్కో ఏడు ఒక్కో నగరంలో మూడు నాలుగు రోజులు సాగుతుంది. ఒకవైపు పత్ర సమర్పణలు, మరోవైపు టోపీలు కుట్టడం, పేకాటల్లో పాత పద్ధతులు, ఆ కాలపు నాట్యాలు నేర్పే తరగతులు. చివరి రాత్రి నాట్యోత్సవం. నాట్యం ఎందుకంటే, ఆస్టిన్ నవలల్లో మనుషుల తలరాతలు మారేది నాట్యశాలల్లోనే. ఎవరు ఎవరిని అడిగారు, ఎవరు తప్పించుకున్నారు, అరగంటసేపు ఎదురెదురుగా నిలబడి ఏం మాట్లాడుకోవచ్చు అన్నవి కాళ్ళు కదిపితే తప్ప పూర్తిగా బోధపడవు. బాత్ నగరంలో ఏటా సెప్టెంబరులో జరిగే ఆస్టిన్ ఉత్సవం వేషధారుల ఊరేగింపుతో సందడి చేస్తుంది.

భారతదేశంలో ఇంగ్లీషు హాస్యరచయిత వుడ్‌హౌస్‌కు పాఠకులు మెండు. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఆయన పేర విద్యార్థుల సంఘం నడిచింది. అనుకరణ పోటీలు, హాస్య ప్రసంగాలు, ఆయన పాత్ర లార్డ్ ఇకెన్‌హామ్ పేరుతో ఏటా ఒక ఆకతాయి పనుల వారం అందులో భాగాలని అక్కడ చదివిన శశి థరూర్ రాశారు.

తెలుగు సభల మర్యాద వేరు. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, అధ్యక్షుడి తొలిపలుకులు, దుశ్శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. ఇందులో సన్మానం మనిషికి జరుగుతుంది, పుస్తకం వేదిక మీద ఒక మూల కూర్చుంటుంది. అయినా అభిమానం కట్టలు తెంచుకున్న సందర్భాలున్నాయి. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. అభిమానులు ఏర్పాటుచేసిన ఆ వేడుకలో విద్యార్థులు రచయితలను మీరెటువైపని నిలదీస్తూ కరపత్రం పంచారు. ఆ ఏడే జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడి శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యాడు. పుట్టినరోజు సభ ఒక భాష సాహిత్యాన్ని మలుపుతిప్పిన ఉదాహరణ ఇంతకన్నా స్పష్టమైనది దొరకడం కష్టం.

హోమ్స్ విందుకూ ఆస్టిన్ నాట్యానికీ అసలైన తెలుగు తోబుట్టువు భువన విజయం. ఉగాదికో సాహిత్య వారోత్సవానికో పండితులు, అవధానులు, తెలుగు మాస్టార్లు కిరీటాలు, తలపాగాలు ధరించి కృష్ణదేవరాయల కొలువు తీరుస్తారు. ఒకరు పెద్దన, ఒకరు తిమ్మన, ఒకరు ధూర్జటి. తెనాలి రామకృష్ణుడి వేషానికి మాత్రం నోరు బాగా తిరిగేవాణ్ణే ఎంచుతారు. వేషం కట్టినవాడు ఆ కవి పద్యాలు పుస్తకం చూడకుండా రాగయుక్తంగా చదవాలి. తోటికవి విసిరిన చెణుకుకు ఆ కవి గొంతుతోనే జవాబివ్వాలి, సమస్య ఇస్తే అప్పటికప్పుడు పూరించాలి. అమెరికాలో జరిగే తెలుగు మహాసభలకూ ఈ కొలువు వలసవెళ్ళింది. అక్కడే పుస్తకం చుట్టూ కూర్చునే అలవాటూ వేళ్ళూనుకుంది. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచి పుస్తక చర్చలు నడుపుతోంది. డాలస్ ప్రాంతపు తెలుగు సంఘం ‘నెల నెలా తెలుగు వెన్నెల’ పేరుతో నెలకొక సాహిత్య సదస్సు జరుపుతోంది.

తిరిగి ఇంగ్లండుకు వస్తే, తమ రచయితను ఏటా తలచుకునే సంఘం టోల్కీన్ సొసైటీ. వెరా చాప్‌మన్ 1969లో స్థాపించింది. టోల్కీన్ బతికుండగానే దానికి గౌరవ అధ్యక్షుడయ్యాడు. ఆయన శాశ్వతంగా ఆ పదవిలోనే ఉన్నాడని సంఘం భావిస్తుంది. జనవరి 3న, ఆయన పుట్టినరోజు రాత్రి తొమ్మిదింటికి, సభ్యులు ఎక్కడివాళ్ళక్కడ లేచి నిలబడి ‘ది ప్రొఫెసర్’ అని గ్లాసెత్తుతారు. టోల్కీన్ నవలలో ప్రతినాయకుడు సౌరాన్ పతనమైన తేదీ మార్చి 25. ఆ రోజున 2003 నుంచి పఠన దినం పాటిస్తున్నారు. నవలా నాయకులు బిల్బో, ఫ్రోడోల పుట్టినరోజు సెప్టెంబరు 22. ఆ పుట్టినరోజు పేరుతో ఆక్స్‌ఫర్డ్‌లో వారాంతపు ‘ఆక్సన్‌మూట్’ సభ 1974 నుంచి జరుగుతోంది. ప్రసంగాలు, ప్రశ్నోత్తరాల పోటీ, వేషధారణ, టోల్కీన్ సృష్టించిన భాషల మీద చర్చలు అన్నీ అయ్యాక, ఆదివారం నాడు అందరూ నగరం ఉత్తరపు అంచున ఉన్న వుల్వర్‌కోట్ శ్మశానవాటికకు వెళతారు.

తిరువైయ్యారులో పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ సమాధి ఎదుట కూర్చొని, తెలుగు రానివాళ్ళు కూడా ఆయన తెలుగు కృతులను ఒకే గొంతుగా పాడే దృశ్యం చూసినవారికి ఈ సమాధి యాత్ర కొత్తగా తోచదు. వుల్వర్‌కోట్‌లో సమాధి రాతి మీద టోల్కీన్, ఆయన భార్య ఎడిత్ పేర్ల కింద ఆయన కథలోని ప్రేమికుల పేర్లు బెరెన్, లూథియెన్ అని చెక్కి ఉంటాయి. ‘ఎన్యాలియె’ అని ఎల్ఫుల భాషలో సభ్యులు పిలుచుకునే స్మరణ అక్కడ జరుగుతుంది. సంఘం తరఫున పుష్పగుచ్ఛం పెడతారు. ఒకరు పుస్తకం తెరిచి కొన్ని పుటలు పైకి చదువుతారు. తక్కినవారు రాతి చుట్టూ నిలబడి వింటారు.